ఇంజనీర్ల గురువు ఆచార్య తిమోషెంకో

కవుల జీవితములను మనవారు శ్రద్ధతో వ్రాసియుంచిరి. దేశభక్తుల చరిత్రలును వ్రాసిరి. శాస్త్రజ్ఞుల కథలు సయితము మన పిల్లల వాచకములలో చోటు చేసికొన్నవి. కాని వంతెన కట్టువానికి, యంత్రమును రూపొందించువానికి పాఠము చెప్పిన గురువును గూర్చి మన భాషలో వ్రాసినవారు అరుదు. నదిమీద రైలు క్షేమముగ దాటిపోవునప్పుడు ఆ వంతెనను కట్టిన ఇంజనీరే ప్రయాణికునకు జ్ఞాపకము రాడు. ఇక ఆ ఇంజనీరునకు లెక్క నేర్పిన ఉపాధ్యాయుని మాట చెప్పవలెనా? అట్లు మఱుగున నిలిచిన ఉపాధ్యాయులలో ఇరువదవ శతాబ్దమున అగ్రగణ్యుడు స్టీఫెన్ తిమోషెంకో. గిండీ, కాకినాడ, అనంతపురము, ఉస్మానియా కళాశాలలలో మెకానికల్, సివిల్ ఇంజనీరింగు చదివిన మనవారికి ఈ పేరు పుస్తకపు అట్టమీది పేరుగా పరిచితమే. ఆ అట్టవెనుకనున్న మనుష్యుని జీవితము మాత్రము చాలమందికి తెలియదు. ఉద్యోగమును ఒకసారి, స్వదేశమునే మఱియొకసారి కోల్పోయి, నలుబది దాటిన వయస్సులో పరభాషలో మొదటినుండి జీవితమారంభించి, ప్రపంచమున సగము ఇంజనీరింగు కళాశాలలకు గురువైన మహనీయుని కథ యిది.

తిమోషెంకో 1878 డిసెంబరులో నేటి యుక్రెయిన్ దేశములోని ష్పొటోవ్కా గ్రామమున జన్మించెను. ఆనాడది రష్యా సామ్రాజ్యములోని భాగము. తండ్రి భూముల సర్వే వృత్తిగా గలవాడు. పిమ్మట వ్యవసాయము చేపట్టెను. సోదరులలో ఒకరు ఆర్థికశాస్త్రజ్ఞుడుగను, ఒకరు వాస్తుశిల్పిగను పేరొందిరి. రొమ్నీ పట్టణపు పాఠశాలలో ఆయనతో చదివినవారిలో అబ్రామ్ ఐయోఫె యొకడు. ఆ బాలుడు తరువాత రష్యా భౌతికశాస్త్రమునకు పెద్దదిక్కయ్యెను. రైలుమార్గముల ఇంజనీరు కావలెనను కోరికతో తిమోషెంకో 1896లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరములోని రవాణా మార్గముల ఇంజనీరింగు విద్యాలయమున చేరి 1901లో పట్టభద్రుడయ్యెను. కాని రైలుమార్గములు వేయుటకంటె వానిని వేయువారికి బోధించుటయందే ఆయన మనస్సు లగ్నమయ్యెను.

1903లో ఆయన పీటర్స్‌బర్గు పాలిటెక్నిక్ విద్యాలయమున చేరెను. అచ్చట విక్టర్ కిర్పిచోవ్ అను వృద్ధాచార్యుని నీడలో పనిచేయుట ఆయన భాగ్యము. కిర్పిచోవ్ అంతకుముందే ఖార్కోవు, కీవు నగరములలో సాంకేతిక విద్యాలయములను తీర్చిదిద్దినవాడు. విద్యార్థి చెవులతో విన్నదానికంటె చేతులతో సాధించిన లెక్క ఎక్కువ నేర్పునను సత్యము తిమోషెంకోకు ఈ తొలి సంవత్సరముల అభ్యాస తరగతులలోనే బోధపడెను. ఉపన్యాసము ఎంత గంభీరముగ సాగినను, విద్యార్థి ఒంటరిగ కూర్చుండి ఒక దూలము వంపును లెక్కకట్టనిదే ఆ విద్య అతనిది కాదు. ఈ నమ్మకము ఆయనను తుదివరకు విడువలేదు. ఆయన పాఠ్యగ్రంథములలో ప్రతి ప్రకరణమునకును వెంట నడచు అభ్యాసముల వరుస దీని ఫలమే.

1905లో ఆయన జర్మనీలోని గెటింగెన్ విశ్వవిద్యాలయమునకు పోయి లుడ్విగ్ ప్రాంట్‌ల్ వద్ద పనిచేసెను. ప్రాంట్‌ల్ ఆనాటికి ముప్పదియేండ్ల యువకుడు. సన్నని దూలము బరువునకు క్రిందికి వంగుటే గాక, ఒక్కొక్కప్పుడు ప్రక్కకు ఒరిగి మెలితిరిగి విఫలమగునని ఆయన 1899లో నిరూపించియుండెను. తిమోషెంకో ఆ విచారణను వంతెనలలోను కట్టడములలోను వాడు ‘ఐ’ ఆకారపు ఉక్కు దూలములకు విస్తరింపజేసెను. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రేలీ ధ్వనిశాస్త్ర గ్రంథమును చదివి, అందులోని శక్తి పద్ధతిని కట్టడముల స్థిరత్వ విచారణకు అన్వయించెను.

ఈ స్థిరత్వ విషయమును కొంత వివరింపవలసియున్నది. ఒక సన్నని బద్దను నిలువుగ నిలిపి పైనుండి అరచేతితో నొక్కినచో, కొంతవరకు అది నిటారుగనే యుండును. ఒక హద్దు దాటగనే హఠాత్తుగ ప్రక్కకు వంగిపోవును. పదార్థము నలిగిపోయినందున గాదు, ఆకారము నిలువలేనందున అది కూలును. ఆ హద్దును నిటారు స్తంభమునకు ఆయిలర్ పదునెనిమిదవ శతాబ్దముననే కనుగొనెను. కాని వంతెనలలోను ఓడలలోను వాడు రేకులు, చట్రములు, పెంకులు మొదలగు వాటికి సూటిగ లెక్క కుదురదు. తిమోషెంకో మార్గము సులభమైనది: వంగినప్పటి ఆకారమును సుమారుగ ఊహించుము, ఆ వంపునందు నిలువయగు శక్తిని, బరువు క్రిందికి దిగుటచే జరుగు పనిని లెక్కించి రెంటిని సమానము చేయుము, హద్దు బరువు తెలియును. ఊహ కొంత తప్పినను ఫలితము సత్యమునకు దగ్గఱగనే యుండును. ఇది కేవల పండిత వినోదము కాదు. 1907 ఆగస్టు 29న కెనడాలో నిర్మాణమునందున్న క్విబెక్ వంతెన కూలి డెబ్బదియైదుగురు పనివారు మరణించిరి. ఒత్తిడికి లోనైన ఉక్కు అంగములు వంగిపోవుటయే ఆ ఘోరమునకు మూలము. ఏ లెక్క తప్పినచో మనుష్యులు చత్తురో ఆ లెక్కను యువకులకు నేర్పుటయే తిమోషెంకో చేపట్టిన వృత్తి.

1906లో, ముప్పది యేండ్లు నిండకమునుపే, ఆయన కీవు పాలిటెక్నిక్ విద్యాలయమున పదార్థ బల శాస్త్రపీఠమునకు ఆచార్యుడుగ నియమితుడయ్యెను. స్వస్థలమునకు చేరువలో గడపిన ఈ అయిదేండ్లు ఆయన జీవితమున మిక్కిలి ఫలవంతములైనవి. ఉపన్యాసములకు విద్యార్థులు క్రిక్కిఱిసిరి. పదార్థ బలమును గూర్చిన ఆయన ప్రఖ్యాత పాఠ్యగ్రంథమునకు తొలి రూపము ఇచ్చటనే ఏర్పడెను. 1909లో విభాగాధిపతిగ ఎన్నికయ్యెను. పదవి, కీర్తి, కుటుంబ సౌఖ్యము అన్నియు అమరిన ఆ దశలోనే పరీక్షయు వచ్చెను. విశ్వవిద్యాలయముల స్వాతంత్ర్యమును అణచివేయుచున్న విద్యామంత్రి కాస్సో విధానమునకు నిరసన తెలిపిన ఆచార్యులలో తిమోషెంకోయు నొకడు. తత్ఫలితముగ 1911లో ఆయన ఉద్యోగమునుండి తొలగింపబడెను. సంసారియై, ఆస్తిపాస్తులు లేక, వేతనము మాత్రమే ఆధారముగా గల మనుష్యునకు ఆ సంతకము ఎంత ఖరీదైనదో ప్రభుత్వోద్యోగులమైన మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ యేడే ఆయన స్థిరత్వ పరిశోధనకు పీటర్స్‌బర్గు రవాణా విద్యాలయమువారి జురావ్‌స్కీ బహుమానము లభించెను. ఉద్యోగము పోయిన యింటికి విద్యయే అన్నము పెట్టినది. తరువాత పీటర్స్‌బర్గులో మొదట గంటల లెక్కన పాఠములు చెప్పి, క్రమముగ తిరిగి ఆచార్యపదవిని పొందెను. యుద్ధనౌకల కట్టడమున సలహాదారుగ పనిచేసెను. రైలుపట్టాలపై చక్రములు కలిగించు ఒత్తిడులను విచారించెను. ఆ నగరముననే ఆయనకు భౌతికశాస్త్రజ్ఞుడు పాల్ ఎరెన్‌ఫెస్టుతో స్నేహము కలిగెను. దూలము కంపించునప్పుడు అది వంగుటే గాక, దాని పొరలు ఒకదానిపై నొకటి జారు ధోరణిని, ప్రతి ముక్కయు తిరుగుటలోని జడత్వమును కూడ లెక్కింపవలెనని అప్పుడు తేల్చిన సిద్ధాంతము నేడు తిమోషెంకో దూలము అను పేర ప్రసిద్ధము. 1921లో ఆంగ్లపత్రికయందు అచ్చయిన ఈ సిద్ధాంతమునకు లోకము ఆయన పేరొక్కటే పెట్టినను, అందులో ఎరెన్‌ఫెస్టు పాలు గలదని ఆయనయే తన రష్యన్ గ్రంథమున అంతకు మునుపే వ్రాసియుండెను.

1917 విప్లవము తరువాత రష్యా అంతర్యుద్ధములో పడెను. 1918లో కీవు నగరమున వెర్నాడ్‌స్కీ నాయకత్వమున యుక్రెయిన్ విజ్ఞాన పరిషత్తు వెలసినప్పుడు తిమోషెంకో అందు పాల్గొని యంత్రశాస్త్ర సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ నేడు ఆయన పేరనే నడచుచున్నది. కాని నగరము చేతులు మారుచునే యుండెను. ఆయన కుటుంబమును కీవులో విడిచి రొస్తోవునకును, అటనుండి నల్లసముద్రము మీదుగ కాన్‌స్టాంటినోపిలునకును, తుదకు యుగోస్లావియాకును చేరెను. 1920లో ప్రమాదమునకు వెఱవక తిరిగి కీవు వెళ్లి భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని జాగ్రెబు నగరమునకు వచ్చెను. అచ్చటి సాంకేతిక విద్యాలయము ఆయనకు ఆచార్యపదవి నిచ్చెను. క్రొయేషియన్ భాష ఆయనకు రాదు. రష్యన్ వాక్యములలో తనకు తెలిసిన క్రొయేషియన్ మాటలను వీలయినన్ని కలిపి పాఠము చెప్పసాగెను. విద్యార్థులకు చక్కగ అర్థమయ్యెనట. విషయము బోధకునకు కరతలామలకమైనచో భాష అడ్డుగోడ కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

1922లో ఆయన అమెరికాకు వెళ్లెను. నలుబదిమూడేండ్ల ఆచార్యుడు ఫిలడెల్ఫియాలో యంత్రముల కంపనములను సవరించు ఒక చిన్న సంస్థలో ఉద్యోగిగ చేరెను. మరుసటి యేడు పిట్స్‌బర్గు వద్దగల వెస్టింగ్‌హౌస్ కర్మాగారము ఆయనను తీసికొనెను. తిరుగుచు తిరుగుచు బద్దలగు చక్రములు, కంపించు ఇరుసులు, అలసటచే చీలు లోహభాగములు ఆయన బల్లమీదికి వచ్చుచుండెను. రెండు వేర్వేఱు లోహముల పట్టీలను అతికి వేడిచేసినచో, ఒకటి ఎక్కువ వ్యాకోచించుటచే జంటపట్టీ వంగును. ఇస్త్రీపెట్టె తగినంత వేడెక్కగనే విద్యుత్తు తనంతట ఆగుట ఈ వంపువలననే. ఆ వంపు ఎంత యుండునో తెలుపు సూత్రమును 1925లో తిమోషెంకో ప్రకటించెను. నేటికిని విద్యార్థులు దానిని నేర్చుచున్నారు.

కర్మాగారములో ఆయనను ఆశ్చర్యపఱచినది యంత్రములు గావు, యువ ఇంజనీర్లు. కళాశాలనుండి పట్టాలు పుచ్చుకొని వచ్చిన వారు చురుకైనవారే. కాని పుస్తకములోని సూత్రమును ఎత్తివ్రాయుట తప్ప అది ఎచ్చటినుండి వచ్చినదో, ఎచ్చట చెల్లదో వారికి తెలియదు. ఐరోపాలో విద్యార్థిదశలోనే నేర్పు స్థితిస్థాపక శాస్త్రము వారు వినియైనను ఎఱుగరు. తిమోషెంకో పనివేళలు ముగిసిన పిమ్మట వారికి పాఠములు చెప్పుటకు పూనుకొనెను. పగలెల్ల కర్మాగారపు పని చేసిన యువకులు సాయంకాలము నల్లబల్లముందు కూర్చుండిరి. అలవాటుపడని ఆంగ్లమున గురువు చెప్పెను; శిష్యులు ఉదయము యంత్రమున చూచిన పగులునకు కారణమును సాయంకాలము గణితమున చూచిరి. ఆ పాఠములనుండి 1925లో లెసెల్స్ అను సహోద్యోగితో కలిసి వ్రాసిన అన్వయ స్థితిస్థాపక శాస్త్రమను గ్రంథము పుట్టెను. ఉద్యోగులకు ఉద్యోగస్థలముననే చెప్పు శిక్షణ తరగతులు నేడు ప్రతి శాఖలోను కలవు. వానికి ఇంతకంటె ఉత్తమమైన ఉదాహరణము చూపుట కష్టము.

అచ్చట ఆయన ప్రభావమున ఎదిగినవారిలో ముఖ్యుడు డెన్ హార్టోగ్. ఆయన డచ్చి దేశమునుండి వచ్చిన ఎలక్ట్రికల్ ఇంజనీరు. 1924లో వెస్టింగ్‌హౌస్‌లో చేరి, తిమోషెంకో సాహచర్యమున యంత్రశాస్త్రమువైపు మరలి, తరువాత హార్వర్డులోను, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోను గొప్ప అధ్యాపకుడయ్యెను. యాంత్రిక కంపనములను గూర్చి ఆయన 1934లో ప్రకటించిన గ్రంథము ఇప్పటికిని ప్రామాణికము.

1927లో మిచిగన్ విశ్వవిద్యాలయము తిమోషెంకోను ఆచార్యుడుగ ఆహ్వానించెను. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమున అన్వయ యంత్రశాస్త్ర విభాగము అదే యేడు ఆయన కృషివలన ఏర్పడెను. మిచిగన్‌లో ఆయన ఇంజనీరింగు మెకానిక్సు డాక్టరేటు చదువును ఆరంభించెను. వేసవి సెలవులలో ప్రత్యేక పాఠశాలలను నడపెను. ప్రాంట్‌ల్, కార్మన్, సౌత్‌వెల్ వంటి మహామహులు వానికి వచ్చి ఉపన్యసించిరి. ఇతర కళాశాలల యువ అధ్యాపకులు విద్యార్థులై విని తమ తమ చోట్లకు ఆ విద్యను గొనిపోయిరి. శిష్యునకు చెప్పినచో ఒక్కడు నేర్చును. అధ్యాపకునకు చెప్పినచో ఒక తరము నేర్చునని ఆయన గ్రహించెను.

మిచిగన్ శిష్యులలో డానెల్, గుడియర్, హెటెన్యీ ముగ్గురును ముఖ్యులు. పలుచని గొట్టపు పెంకులు ఎప్పుడు ముడుచుకొనునో తెలుపు డానెల్ సమీకరణములు విమాన నిర్మాతలకు పరమోపయుక్తములైనవి. గుడియర్ తరువాత గురువు గ్రంథమునకే సహకర్త యయ్యెను. హెటెన్యీ సాగు పునాదిమీది దూలములను గూర్చి 1946లో ప్రత్యేక గ్రంథము వ్రాసెను. రైలుపట్టా అట్టి దూలమే. స్లీపర్లు, కంకర, మన్ను కలిసి అది కూర్చున్న మెత్తని పునాది. చక్రము వచ్చినచోట పట్టా కొంత దిగి, చక్రము సాగగనే తిరిగి లేచును. పీటర్స్‌బర్గులో గురువు విచారించిన విషయము అమెరికాలో శిష్యుని గ్రంథమై, మన రైల్వే ఇంజనీర్ల చేతికి వచ్చినదన్నమాట.

ఆయన బోధనాపద్ధతి యెట్టిదో ఆయన గ్రంథములే చెప్పును. మొదట సాధారణ సిద్ధాంతమును స్థాపించి, పిమ్మట ఉదాహరణములకు దిగుట పండితుల మార్గము. తిమోషెంకో దీనికి విరుద్ధముగ నడచెను. మొదట మిక్కిలి తేలికయైన సమస్య. దానికి సంపూర్ణ సమాధానము. పిదప కొంచెము కష్టమైనది. ఇట్లు నాలుగు మెట్లెక్కిన తరువాతనే సాధారణ సూత్రము. విద్యార్థి వెనుకకు తిరిగి చూచుకొన్నప్పుడు గాని తాను ఎంత ఎత్తు ఎక్కెనో అతనికే తెలియదు. భాష నిరాడంబరము; అనవసరమైన గణితము లేదు; కావలసిన గణితమును దాచుటయు లేదు. 1928లో కంపనములు, 1930లో పదార్థ బలము, 1934లో స్థితిస్థాపకత, 1936లో స్థిరత్వము, 1940లో పలకలు, పెంకులు: ఒక్కొక్క గ్రంథమును ఒక్కొక్క శాఖకు రాజమార్గము. ఇవి ప్రపంచమున అనేక భాషలలోనికి అనువదింపబడినవి. భారతదేశమున సులభమైన వెలకు ముద్రణలు వచ్చి, ఆ తరగతి గది మన పల్లెటూరి విద్యార్థికి కూడ అందుబాటులోనికి వచ్చెను.

1936లో ఆయన కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు మారెను. యుద్ధముచే, రాజకీయములచే దేశములు విడిచినవారు అచ్చట ఆయన చుట్టు చేరిరి. హంగెరీనుండి వచ్చిన నికొలాస్ హాఫ్ 1942లో డాక్టరేటు పొంది, పిమ్మట ఆ విశ్వవిద్యాలయముననే విమాన ఇంజనీరింగు శాఖకు అధిపతియయ్యెను. కీవులోనే పుట్టి, బాల్యమున తల్లిదండ్రులతో ప్రవాసము వచ్చిన ఎగోర్ పొపోవ్ 1946లో డాక్టరేటు పొంది, బర్క్‌లీలో భూకంపములకు తట్టుకొను ఉక్కు కట్టడముల విద్యకు ఆచార్యుడయ్యెను. తాను కోల్పోయిన నగరపు బిడ్డకు పరదేశమున విద్యాదానము చేయు భాగ్యము ఆ గురువునకు దక్కెను. 1946లోనే భార్య అలెగ్జాండ్రా మరణించినది. ఆయన 1944లోనే పదవీ విరమణ చేసినను, బోధన మానక చాలకాలము కొనసాగించెను. అనేక సంవత్సరముల ఉపన్యాసముల ఫలముగ 1953లో పదార్థ బల శాస్త్ర చరిత్రను ప్రకటించెను. గెలిలియో మొదలుకొని తన కాలమువరకు ఎవరెవరు ఏ మెట్టు కట్టిరో అందు వివరించెను.

ఆయనయందు లోపములు లేవని చెప్పరాదు. అమెరికా కళాశాలల గణిత విద్యను గూర్చి ఆయన తీర్పులు కఠినములు; స్వీయచరిత్రలో కొందఱను గూర్చి పరుషముగ వ్రాసెను. ఆశ్రయమిచ్చిన దేశమును ఇంతగ విమర్శింపవచ్చునాయని కొందఱు నొచ్చుకొనిరి. కాని ఆ కాఠిన్యము వెనుక ఒక భయమున్నది. మూలము తెలియక సూత్రమును వాడు ఇంజనీరు ఇతరుల ప్రాణములతో జూదమాడునని ఆయన భయము. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించినప్పుడు అమెరికా ఆశ్చర్యపడి తన విద్యావిధానమును పునఃపరిశీలించుకొనసాగెను. 1958లో, డెబ్బదితొమ్మిదేండ్ల వయస్సున, తిమోషెంకో దాదాపు నలుబదియేండ్ల తరువాత స్వదేశమును దర్శించి, తాను బోధించిన విద్యాలయములను చూచి, రష్యాలో ఇంజనీరింగు విద్యను గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. రాజ్యము మారినను, పాత గురువులు వేసిన గణిత పునాది చెక్కుచెదరకుండుట ఆయనకు సంతోషము కలిగించెను.

అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము ఆయన పేర ఒక పతకము నెలకొల్పి, 1957లో మొదటిది ఆయనకే అర్పించెను. నాటినుండి నేటివరకు యంత్రశాస్త్రమున అది మిక్కిలి గౌరవనీయమైన పురస్కారము. చివరి సంవత్సరములను జర్మనీలోని వూపర్టాల్ పట్టణమున కుమార్తె యింట గడపి, 1972 మే 29న తొంబదిమూడేండ్ల వయస్సున తిమోషెంకో కన్నుమూసెను. శిష్యుడు గియర్‌తో కలిసి వ్రాసిన పాఠ్యగ్రంథము అదే యేడు వెలువడినది.

రాజ్యములు, విద్యాలయములు, భాషలు, ఇండ్లు అన్నియు ఆయన చేతినుండి జారిపోయినవి. పాఠము మాత్రము జారలేదు. కీవులో పదవిని విడిచినప్పుడును, జాగ్రెబులో రానిభాషలో తడుముకొన్నప్పుడును, వెస్టింగ్‌హౌస్‌లో అలసిన యువకుల యెదుట సాయంకాలము సుద్దముక్క పట్టినప్పుడును ఆయన చేసిన పని ఒక్కటే. మన ఇంజనీర్లు ఏ రాష్ట్రమున ఏ కట్టడముమీద సంతకము చేసినను, ఆ కాగితముమీది అంకె ఎచ్చటనుండి వచ్చినదో ఒక్కమారు తమలో తాము ప్రశ్నించుకొందురుగాక. ఆ గురువునకు చెల్లించదగిన దక్షిణ అదియే.